17వ శతాబ్దపు ఫ్రెంచ్ బుకనీర్ దుస్తులు: తరచుగా అడిగే ప్రశ్నలు

నాటకానికో, లఘుచిత్రానికో, కాస్‌ప్లేకో, చరిత్ర ప్రదర్శనకో బుకనీర్ వేషం కుట్టించుకునేవాళ్ల కోసం ఈ పేజీ. కొలతలన్నీ 5 అడుగుల 7 అంగుళాల ఎత్తు, 38–40 అంగుళాల ఛాతీ ఉన్న మనిషికి సరిపోయేలా ఇచ్చాం. మీ ఒంటికి తగ్గట్టు మార్చుకోండి.

బుకనీర్ అంటే సముద్రపు దొంగ కదా, ఈ పేజీలో వేటగాడి బట్టలు ఎందుకున్నాయి?

మొదట్లో వాళ్లు వేటగాళ్లే. స్పెయిన్ వాళ్లు హిస్పానియోలా దీవికి తెచ్చిన పశువులు, పందులు అడవుల్లో పడి విపరీతంగా పెరిగాయి. ఇప్పటి హైతీ, డొమినికన్ రిపబ్లిక్ ఉన్న దీవి అదే. దాని పడమటి, ఉత్తర తీరాల్లోనూ, పక్కనున్న టోర్టుగాలోనూ చేరిన ఫ్రెంచివాళ్లు ఆ పశువులను వేటాడి తోళ్లు ఓడలవాళ్లకు అమ్మేవాళ్లు. మాంసాన్ని కర్రల మంచె మీద పరిచి, కింద పొగబెట్టి నిల్వ చేసేవాళ్లు. ఆ మంచె పేరు బూకాన్. స్పానిష్ సైన్యం వెంటపడటం, పశువులు తరిగిపోవడం, 1665లో బెర్ట్రాన్ దోజెరాన్ ఫ్రెంచి గవర్నరుగా వచ్చాక వ్యవసాయం పెరగడం, వీటన్నిటితో ఆ బతుకు మారిపోయింది. చాలామంది ఓడలెక్కి స్పెయిన్ ఓడలను, పట్నాలను కొల్లగొట్టే పనిలో పడ్డారు.

ఇక్కడ చెప్పేది సుమారు 1640–1690 మధ్య దీవి మీద వేటాడే మనిషి వేషం. అతను రోజంతా పశువుల్ని కోసే మనిషి. ఆ సంగతి మనసులో ఉంచుకుంటే ఏ వస్తువు పెట్టాలి, ఏది పెట్టకూడదు అన్న అనుమానాలు చాలామటుకు వాటంతటవే తీరిపోతాయి.

వాళ్లు ఏం వేసుకున్నారో మనకెలా తెలుసు?

ముగ్గురి రాతలు ముఖ్యం. డొమినికన్ అనే క్రైస్తవ సన్యాసి సంఘానికి చెందిన ఫ్రెంచి మతగురువు జాన్ బాప్టిస్ట్ ద్యు తెర్త్ర్ 1667–1671 మధ్య అచ్చువేసిన చరిత్రలో బుకనీర్లను వర్ణించాడు. నార గుడ్డతో చిన్న కసాక్ (చొక్కా మీద తొడిగే వదులు పైచొక్కా), సగం తొడ దాకా వచ్చే నిక్కరు, అంతే. అది బట్టా కాదా అన్నది దగ్గరికెళ్లి చూస్తే గానీ తెలియనంతగా నెత్తుటితో తడిసి ఉంటుందని రాశాడు. అలెగ్జాండర్ ఎక్స్‌క్వెమెలిన్ 1666లో టోర్టుగాకు వచ్చి, వాళ్ల మధ్యే బతికి, 1678లో ఆమ్‌స్టర్‌డామ్‌లో డచ్చి భాషలో పుస్తకం వేయించాడు. మూడో మనిషి లబా, ఈయనా ఫ్రెంచి మతగురువే. ఆయన 1694లో కరీబియన్ చేరేసరికి వేట జీవితం వెనకబట్టింది. అయినా చెప్పుల తయారీ, బట్టల జాబితా ఆయన రాసినంత వివరంగా దొరకడం కష్టం.

వీళ్లు బట్ట రకం, పొడుగు, మురికి చెప్పారు గానీ కత్తిరింపు చెప్పలేదు. దాన్ని ఆ కాలపు కూలిజనం, నావికుల బట్టల నుంచి తీసుకోవాలి. లండన్ మ్యూజియంలో ఉన్న 17వ శతాబ్దపు నావికుడి నార చొక్కా, వదులు నిక్కరు ఇందుకు బాగా పనికొస్తాయి.

పూర్తి వేషంలో ఏమేం ఉంటాయి?

ముతక నార చొక్కాలు రెండు (ఒకటి ఒంటి మీద, ఒకటి మూటలో), నార నిక్కరు, చొక్కా మీద నార కసాక్, ముందు అంచు మాత్రమే మిగిల్చిన ఫెల్ట్ టోపీ, పచ్చి తోలు చెప్పులు, తోలు బెల్టు. బెల్టుకు ఒకే ఒరలో నాలుగు కత్తులు, ఒక బాయొనెట్ (తుపాకీ మూతికి తగిలించే కత్తి). మందుగుండుకు మైనం పట్టించిన బుర్ర. చాలామంది మర్చిపోయేది ఇంకోటుంది. దోమల బాధకు వాళ్లు పల్చటి నారతో చిన్న డేరా ఉంచుకుని, పగలు దాన్ని చుట్టచుట్టి భుజం మీంచి ఏటవాలుగా వేసుకునేవాళ్లు. సుమారు 2 మీటర్లు × 2 మీటర్ల పల్చటి నార గుడ్డను చేతి లావు చుట్టగా చుట్టి వేసుకోండి. ఆ ఒక్కదానితో వేషానికి వచ్చే కళే వేరు.

ఏ బట్ట కొనాలి? ఎంత?

నూటికి నూరు పాళ్లు అవిసె నారతో నేసిన లినెన్. రంగు వేయనిది, లేదా సగం తెలుపు చేసినది. చొక్కాలకు చదరపు మీటరుకు 150–180 గ్రాముల బరువున్నది, నిక్కరుకు, కసాక్‌కు 220–280 గ్రాములది తీసుకోండి. 58–60 అంగుళాల పన్నా అయితే చొక్కా ఒక్కింటికి 2.5 మీటర్లు, నిక్కరుకు 1.5, కసాక్‌కు 2.5 సరిపోతాయి. రెండు చొక్కాలతో కలిపి 9 మీటర్లు.

షాపులో రెండు మోసాలుంటాయి. ఒకటి, లినెన్ అని చెప్పి పాలియెస్టర్ కలిపినది అంటగట్టడం. నాలుగు పోగులు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూడండి. కరిగి గట్టి పూసలా గడ్డకడితే పాలియెస్టర్ ఉన్నట్టే. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద మిగిలితే అది నారైనా కావచ్చు, పత్తైనా కావచ్చు. ఈ పరీక్ష ఆ రెంటినీ వేరు చేయలేదు. రెండోది మోసం కాదు గానీ అంతకంటే ఎక్కువ పాడుచేస్తుంది: పోగుల్లో అక్కడక్కడా ముడుల్లాంటి లావులు కనబడే ‘పల్లెటూరి లుక్’ లినెన్. అది ఈనాటి ఫ్యాషన్. ఆ కాలపు ముతక నారలో పోగు లావుగా ఉండేది గానీ నేత చాలావరకు సమంగానే ఉండేది. ముడులున్న బట్ట ఫోటోలో పక్కా కాస్ట్యూమ్‌లా కనిపిస్తుంది.

కత్తిరించే ముందు వేడినీళ్లలో ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేయండి. లినెన్ 5 నుంచి 10 శాతం కుంచించుకుపోతుంది. ఉతక్కుండా కుడితే మొదటి ఉతుకులోనే మెడపట్టీ బిగిసి, చేతులు మణికట్టు పైకి పోతాయి.

లినెన్ ఖరీదు ఎక్కువ. ఖద్దరుతో సరిపెట్టుకోవచ్చా?

రంగస్థలం మీద, పది అడుగుల దూరం నుంచి చూసేవాళ్లకైతే ముతక చేనేత ఖద్దరు ఫర్వాలేదు. దగ్గరి షాట్లకు, చరిత్ర ప్రదర్శనలకు వద్దు. నార ముడత గీత పడి నిలుస్తుంది, తడిస్తే త్వరగా ఆరుతుంది, వాడేకొద్దీ నునుపెక్కుతుంది. ఖద్దరు మాత్రం నూగు లేచి బరువుగా వేలాడుతుంది. డబ్బు సరిపోకపోతే కసాక్, నిక్కరు నారతో కుట్టించి, లోపలి చొక్కా ఖద్దరుతో కానివ్వండి.

చొక్కా కత్తిరింపు చెప్పండి.

వంపు గీత ఒక్కటి కూడా ఉండదు. అన్నీ చదరాలు, దీర్ఘచతురస్రాలే. ఆ కాలంలో బట్ట ఖరీదు, కూలి చవక. అందుకే ముక్క వృథా కాకుండా కత్తిరించేవాళ్లు.

ఉతికిన బట్టలోంచి 80 సెంటీమీటర్ల వెడల్పు, 210 పొడుగు ముక్క తీయండి. అది ఒళ్లు, ముందూ వెనకా కలిసి ఒకటే ముక్క. పక్కన సుమారు 62 సెంటీమీటర్ల పట్టీ మిగులుతుంది. అందులోంచి చేతులు రెండు (60 × 55), మెడపట్టీ (44 × 16), మణికట్టు పట్టీలు రెండు (24 × 10), చంక ముక్కలు రెండు (14 × 14), మెడ పక్క ముక్కలు రెండు (10 × 10) వస్తాయి.

ఒంటి ముక్కను అడ్డంగా మడిచి, మడత గీతకు 3 సెంటీమీటర్లు ముందుగా 38 సెంటీమీటర్ల అడ్డ చీలిక, దాని నడిమి నుంచి కిందికి 23 సెంటీమీటర్ల నిలువు చీలిక కొయ్యండి. ముందు నిలువు చీలిక అంచులు సన్నగా మడిచి కుట్టాలి. తర్వాత మెడ పక్క ముక్కలను మూలగా మడిచి అడ్డ చీలిక చివర్లలో అతకాలి, మెడ చుట్టూ కుచ్చు పెట్టి పట్టీకి కలపాలి. చంక ముక్కను ముందు చేతికి కుట్టి, ఆ తర్వాతే చేతిని ఒంటికి కలపండి. పక్క కుట్లు చంక నుంచి మొదలుపెట్టి కింద 20 సెంటీమీటర్లు వదిలేయండి. చొక్కా మోకాళ్ల దాకా రావాలి. ఆ కాలంలో లోదుస్తు కూడా అదే.

చినిగేది రెండు చోట్ల. నిలువు చీలిక అడుగున బలమంతా ఒక్క పోగు మీద పడుతుంది, నారకు సాగే గుణం లేదు. కాబట్టి అక్కడ లోపలివైపు హృదయాకారంలో చిన్న గుడ్డ వేసి దిట్టంగా కుట్టండి. రెండోది చంక. దర్జీలు నలుచదరపు ముక్క ఎందుకని మానేస్తారు. చెయ్యి పైకెత్తగానే పర్రుమంటుంది.

చేత్తోనే కుట్టాలా?

కనబడే కుట్లు చేత్తో, దాగే పొడుగు కుట్లు మిషన్ మీద అన్నది ఎక్కువమందికి కుదిరే పద్ధతి. మైనం రాసిన నార దారంతో సెంటీమీటరుకు మూడు కుట్లు చాలు. ముతక బట్టకు అంతకంటే సన్నం అక్కర్లేదు. అంచు పోగులు బయట కనబడకుండా ఒక అంచును రెండో అంచులో మడిచి చదునుగా రెండోసారి కుట్టాలి. ఓవర్‌లాక్ కనబడిందంటే మిగతా శ్రమంతా వృథా. పూర్తిగా చేత్తో అయితే చొక్కా ఒక్కదానికే 20–30 గంటలు పెట్టుకోండి.

దర్జీకి ఇచ్చేటప్పుడు లాల్చీలా అని చెప్పకండి. మెడ గుండ్రంగా తీసి, భుజం వంపు కోసి, జేబు కూడా పెట్టేస్తారు. ముక్కలు మీరే కత్తిరించి, ఏది దేనికి కలుస్తుందో సుద్దతో రాసి ఇవ్వండి. కాజాలు చేత్తో వేయించండి. గుండీలు దారంతో చుట్టినవి గానీ అదే గుడ్డతో చేసినవి గానీ పెట్టండి. మెడకు గుండీ లేకుండా రెండు నాడాలు పెట్టినా చెల్లుతుంది.

నిక్కరు సంగతి?

65 సెంటీమీటర్ల చదరం ముక్కలు రెండు, కాళ్ల మధ్య 16 సెంటీమీటర్ల చదరం ఒకటి, నడుం పట్టీ. వెనక భాగంలో కుచ్చు ఎక్కువ పెట్టండి, ముందు తక్కువ. వెనక నడుం దగ్గర 10 సెంటీమీటర్ల చీలిక వదిలి, రెండు వైపులా రంధ్రాలు వేసి తాడుతో బిగించుకునేలా చేస్తే పొట్ట పెరిగినా తగ్గినా సరిపోతుంది. ముందు చీలికకు నడుం పట్టీ మీద ఒక గుండీ, కింద ఒకటి. ఎలాస్టిక్ పనికిరాదు, కుచ్చు పడే తీరే వేరుగా ఉంటుంది. ద్యు తెర్త్ర్ చెప్పిన సగం తొడ పొడుగు వేసుకోవడానికి మొహమాటమైతే మోకాలి దాకా ఉంచండి. దానికీ ఆధారముంది, కాకపోతే కాళ్ల ముక్కలు 80 పొడుగు తీయాలి.

కసాక్ ఎలా ఉండాలి?

వదులుగా, పిరుదుల దాకా, మెడపట్టీ లేకుండా. ఒళ్లు 90 వెడల్పు, 160 పొడుగు (మడిచాక 80). చేతులు 55 వెడల్పు, 45 పొడుగు చాలు. మణికట్టు పైకి ఉంటే రక్తంలో మునగవు. ముందు నిలువుగా ఛాతీ దాకా చీల్చి తలమీంచి వేసుకునేలా కుట్టండి. మందపాటి నారే వాడాలి. మోసిన బరువంతా దీని మీదే పడుతుంది.

నెత్తుటి మరకలు నిజంగా కనిపించాలంటే?

ముందుగా, ఎరుపు వద్దు. రక్తం గాలి తగిలి గంటల్లోనే గోధుమ రంగులోకి, పదేపదే పడితే దాదాపు నలుపులోకి తిరుగుతుంది. నిజం రక్తం కూడా వద్దు. కుళ్లుతుంది, ఈగలు, జబ్బులు.

కలంకారీ వాళ్ల సరుకే మీకు అక్కరకొస్తుంది. కిలో బట్టకు కరక్కాయ పొడి 150–200 గ్రాములు నీళ్లలో నానబెట్టి వడకట్టి, ఉతికిన బట్టను రాత్రంతా అందులో ఉంచండి. పిండి, జాడించకుండా ఆరేయండి. తర్వాత తాంబూలంలో వాడే కాచు 200–300 గ్రాములు వేడినీళ్లలో కరిగించి, ఉడికీ ఉడకని వేడిలో గంటసేపు బట్ట ముంచితే గోధుమ రంగు అడుగుపొర పడుతుంది. అది పాత, ఉతికినా పోని మరక రంగు.

ముదురు మచ్చలకు అన్నభేది, అంటే ఇనుముతో చేసిన లవణం (ఫెర్రస్ సల్ఫేట్). లీటరు నీళ్లకు 10 గ్రాములు కరిగించి, కొద్దిగా తుమ్మజిగురు కలిపి చిక్కబరిచి, స్పాంజితో అద్దండి. కరక్కాయ ఉన్న చోటల్లా నిమిషాల్లో నల్లబడుతుంది. ఇక్కడే చాలామంది చెడగొట్టుకునేది: నలుపు చాలలేదని అన్నభేది పెంచుకుంటూ పోతారు. ఇనుము నార పోగును తినేస్తుంది. కొన్ని నెలలకు మచ్చ ఉన్న చోటే బట్ట పొడిపొడిగా రాలుతుంది. ఎంత వాడినా బట్ట బరువులో 2 శాతం దాటకూడదు. అద్దిన పావుగంటకే బాగా జాడించండి. అన్నభేదిని చేతి తొడుగులతోనే ముట్టుకోండి, పిల్లలకు అందకుండా ఉంచండి.

మచ్చ ఎక్కడ అన్నది ఎలా అన్నదానికంటే ముఖ్యం. తోలు, మాంసం మోసిన భుజం, వీపు పైభాగం చిక్కటి నలుపు గోధుమ. పొట్ట నుంచి తొడల దాకా చేతులు తుడుచుకున్న, మోకాళ్లూని కోసిన చారలు. పనిచేసే చేతి అంచు. వీపు కింది భాగం, చంకలు మామూలు మురికితోనే ఉంటాయి. చుక్కలు చిలకరిస్తే హత్య జరిగిన చోటిలా ఉంటుంది, పశువుల్ని కోసే మనిషిలా ఉండదు. చివర్లో ఒక పాలు తేనెమైనం, రెండు పాళ్లు కొబ్బరినూనె కరిగించి మచ్చల మీద రుద్ది, కాగితం వేసి ఇస్త్రీ పెడితే కొవ్వు పట్టిన జిడ్డు మెరుపు వస్తుంది.

టోపీ?

ఉన్ని ఫెల్ట్ టోపీ కొని, చుట్టూ అంచు కోసేసి ముందు మాత్రం 8–10 సెంటీమీటర్లు వదలండి. అడవిలో కొమ్మలకు తగలకుండా, ఎండ కళ్లలో పడకుండా వాళ్లు చేసుకున్న ఏర్పాటు అది. అంచుకు పట్టీ కుట్టకండి. ఆవిరి పట్టి చేత్తో నలిపి ఆకారం పోగొట్టండి. గడ్డం పెంచాలి, జుట్టు చిక్కుపడి ఉండాలి.

పచ్చి తోలు చెప్పులు ఎలా చేస్తారు?

లబా చెప్పిన పద్ధతి ఇది. పశువును వలిచిన వెంటనే దాని కాలి తోలులో తమ పాదం దూర్చి, మోకాలు ఉన్న చోట బొటనవేలు వచ్చేలా సర్ది, చివర నరంతో బిగించి కోసేవాళ్లు. మడమ పైన మూడు నాలుగు అంగుళాలు వదిలి, ఆరేదాకా కట్టి ఉంచేవాళ్లు. ఆరాక పాదం ఆకారంలోనే నిలిచేది.

మనకు 2–2.5 మిల్లీమీటర్ల మందం గేదె పచ్చి తోలు కావాలి. డప్పుకు బిగించే మేక తోలు పల్చన, అరికాలికి ఆగదు. 26 సెంటీమీటర్ల పాదానికి 42 × 32 ముక్క చాలు. చల్లటి నీళ్లలో 12–18 గంటలు నానబెట్టండి. వేడినీళ్లు పోస్తే తోలు ముడుచుకుపోయి జిగురుగా మారుతుంది, ఇక బాగుపడదు. నేరుగా పాదం మీద ఆరబెట్టకండి. ఆరేకొద్దీ బిగిసి రక్తప్రసరణ ఆపుతుంది. చెక్క అచ్చుకు దళసరి సాక్స్ రెండు తొడిగి, ప్లాస్టిక్ కాగితం చుట్టి, దాని మీద తోలు వేసి, వేళ్ల దగ్గర కుచ్చుగా లాగి తోలు తాడుతో కట్టండి. నీడలో రెండు మూడు రోజులు. ఎండలో పెడితే పైపొర ముందే గట్టిపడి పగులుతుంది.

ఈ చెప్పులు తడిస్తే మళ్లీ మెత్తబడతాయి, నున్నటి గచ్చు మీద జారతాయి. రోజంతా నడవాల్సి ఉంటే తంగేడు చెక్కతో పదును చేసిన తోలు వాడి, లోపల 3 మిల్లీమీటర్ల అరికాలు ముక్క దాచండి. అరగంట నానబెడితే అచ్చుకు ఒదుగుతుంది. క్రోమియం లవణాలతో పదును చేసిన క్రోమ్ తోలు ఒదగదు. గుర్తుపట్టడం సులువు: కోసిన అంచు గోధుమగా ఉంటే చెక్క తోలు, నీలి బూడిద రంగుంటే క్రోమ్.

బెల్టు, కత్తులు, తుపాకీ?

బెల్టు 5 సెంటీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల మందం. కత్తుల ఒర మొసలి తోలుతో అని ఎక్స్‌క్వెమెలిన్ రాశాడు. మన దేశంలో మొసలి రక్షిత జంతువు, ఆ తోలు జోలికి పోవద్దు. మొసలి అచ్చు గుద్దిన తోలు హ్యాండ్‌బ్యాగులా ఉంటుంది, మామూలు గేదె తోలే మేలు. ఒర అంచులో రెండు పొరల మధ్య ఇంకో సన్న తోలు పట్టీ పెట్టి కుట్టండి. లేకపోతే కత్తి దూసిన ప్రతిసారీ కుట్టు తెగుతుంది. కసాయి కత్తుల పిడులు మామూలు చెక్కవి. ఆ కాలపు బాయొనెట్ పిడి కోసుగా ఉండి తుపాకీ మూతిలోనే దిగేది. ప్రదర్శనకు అన్నీ మొద్దువో, చెక్కవో పెట్టుకోండి.

బుకనీర్ తుపాకీ గొట్టం నాలుగున్నర ఫ్రెంచి అడుగులు, అంటే సుమారు 146 సెంటీమీటర్లు. పౌను సీసానికి 16 గుండ్లు, గుండు వ్యాసం 17 మిల్లీమీటర్ల పైచిలుకు. ఫ్రాన్సు రేవుపట్నాలైన దియెప్‌లో బ్రాషీ, నాంట్‌లో జెలాన్ చేసినవాటికి పేరు. చెక్కతో నమూనా చేయించేటప్పుడు పొడుగు తగ్గించకండి. మనిషి ఎత్తుకు దగ్గరగా ఉండటమే దాని గుర్తు. మందుగుండుకు బాగా ఎండిన సొరకాయ బుర్ర తీసుకుని, గింజలు దులిపి, లోపలా బయటా కరిగిన మైనం పట్టించి, చెక్క బిరడా పెట్టండి.

తలకు రుమాలు, నడుముకు పట్టు గుడ్డ, మోకాళ్లు దాటే బూట్లు?

వద్దు. రుమాలు, నడికట్టు కలిసిన వేషం చాలావరకు 19వ శతాబ్దం చివర్లో హోవర్డ్ పైల్ గీసిన బొమ్మలతో స్థిరపడింది. పొడుగు బూట్లు గుర్రపు రౌతులవి. మూడు మూలల టోపీ ఈ వేటగాళ్ల కాలం దాటాకే వాడుకలో కుదురుకుంది.

మన కలంకారీ గుడ్డ ఒకటి ఎక్కడైనా పెట్టొచ్చా?

ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ 1669లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. మన అద్దకం బట్టల మోజు ఫ్రాన్సులో ఎంత పెరిగిందంటే 1686లో రాజు వాటిని నిషేధించాల్సి వచ్చింది. కాబట్టి కాలం సరిపోతుంది, మనిషే సరిపోడు. అడవిలో పశువుల్ని కోసే వాడి ఒంటి మీద చూసినవాళ్లు చెప్పింది ముతక నార ఒక్కటే. కరీబియన్ ఆడవాళ్ల తలకట్లలో పేరుపడ్డ గళ్ల మద్రాసు రుమాళ్లు కూడా తర్వాతి శతాబ్దానివి.

ఓడెక్కిన మనిషి వేషం అయితే ఏం మారుతుంది?

లోపల అదే నార చొక్కా. పైన కాన్వాసు వదులు నిక్కరు, పొట్టి ఉన్ని కోటు, అల్లిన ఉన్ని టోపీ, మామూలు తోలు బూట్లు. కొల్లగొట్టిన స్పానిష్ బట్ట ఒకటి, ఒక్కటే, ఒంటికి సరిగా అమరకుండా వేయండి. రక్తం మరకలు తీసేసి తారు మరకలు పెట్టండి.

ఎలా ఉతకాలి?

మరకలు పెట్టిన బట్టలు విడిగా, చల్లటి నీళ్లలో, కుంకుడుకాయ రసంతో. సోడా, బ్లీచ్ తగిలితే కాచు రంగు మారుతుంది. నిమ్మరసం, వెనిగర్ తగిలితే అన్నభేది నలుపు పోతుంది. పచ్చి తోలు చెప్పులను ఉతకొద్దు, పొడి గుడ్డతో తుడిచి గాలి ఆడేచోట వేలాడదీయండి. వానాకాలంలో బూజు పడుతుంది, ఎలుకలూ కుక్కలూ కొరుకుతాయి, కాబట్టి ఎత్తున కట్టండి.